గురువారం నడిచిన మోటారు సైకిలు

మా కింది వాటాలో ఉండే కుర్రాడికి ఒక పాత మోటారు సైకిలు ఉంది. మొన్న పొద్దున అది మొరాయించింది. అతను కిక్కు కొడతాడు, అది ఒకసారి మూలిగి ఊరుకుంటుంది. మళ్ళీ కొడతాడు. మధ్య మధ్య దాన్ని తయారు చేసినవాణ్ణి కూడా కలిపి తిడతాడు. నేను పై వసారాలో కూర్చుని పెరుగన్నం తింటున్నాను. పదో కిక్కుకో పదిహేనో కిక్కుకో ముద్ద గొంతులో అడ్డం పడింది. చెయ్యి కడుక్కుని లేచాను. ఈ వయసులో కంచంలో అన్నం వదిలేస్తే ఇంట్లో పెద్ద రాద్ధాంతం. కోడలు బీపీ చూసింది, మనవడు డాక్టరుకి ఫోను చేస్తానన్నాడు. నాకేం జబ్బు లేదురా నాయనా, ఆ బండిని కాస్త దూరంగా తోసుకెళ్ళి బాగుచేసుకోమను చాలు, అన్నాను. ముసలిదానికి చాదస్తం ముదిరిందని అనుకుని ఉంటారు.

చాదస్తం కాదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్న ఆయనకి చెప్పలేదు, కన్నపిల్లలకి చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్ళంతా ఒక్కొక్కరే దాటిపోయేదాకా నోరు మూసుకుని కూర్చుని, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నా ధైర్యం అంతే.

మాది పల్నాట్లో, గురజాలకి పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. అప్పటికి సాగరు లేదు, కాలవలు లేవు. వాన పడితే జొన్న, సజ్జ, కంది. పడకపోతే మబ్బు కేసి చూస్తూ కూర్చోవడం. గోడలు నాపరాయి, వాకిట్లో పరిచిందీ నాపరాయే. మధ్యాహ్నం పూట ఆ బండల మీద చెప్పుల్లేకుండా నడవాలంటే గెంతుకుంటూ పోవాల్సిందే. ఇంట్లో నాయనమ్మ, అమ్మా నాన్నా, పెళ్ళికాని బాబాయి, నేను, నాకంటే అయిదేళ్ళు చిన్నవాడు తమ్ముడు. ఉదయం సజ్జ రొట్టె, మధ్యాహ్నం జొన్నన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ. వరి అన్నం పండగలకి. దానికే మేము కలవారి పిల్లలమని ఊళ్ళో పేరు.

బాబాయికి చదువు అబ్బలేదు గాని యంత్రాలంటే పిచ్చి. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్ళు వాడేసిన సామాను అమ్ముతున్నారని విని మద్రాసు వెళ్ళి ఒక మోటారు సైకిలు కొన్నాడు. దాన్ని రైల్లో గురజాల దాకా తెచ్చాడు గాని, స్టేషను బయట ఎంత తన్నినా అది లేవలేదు. చివరికి మా పాలేరు ఎడ్లబండి తోలుకెళ్ళి, నలుగురు పట్టి దాన్ని బండి మీదికెక్కించి ఊళ్ళోకి తెచ్చారు. మోటారు సైకిలు ఎడ్లబండెక్కి ఊరేగుతూ రావడం చూసి ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

"ఏందిరా, నువ్వు దాని మీద కూర్చోవాల్నా, అది నీ మీద కూర్చుంటదా?" అని మా ఎదురింటి తాత అరుగు మీద నుంచి కేకేశాడు. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. వారం తిరక్కుండా అదే బండి మీద ఆ తాతని ఎక్కించుకుని మాచర్ల తీసుకెళ్ళి చుట్టలు కొనిపెట్టి తెచ్చాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

ముదురాకుపచ్చ రంగు. మూరెడు పొడుగు ట్యాంకు. దగ్గరికెళితే పెట్రోలు వాసన, వేడి ఇనుము వాసన, ఎక్కడో మాడుతున్న గుడ్డ వాసన. పెట్రోలు అప్పట్లో చీటీల మీద ఇచ్చేవాళ్ళు. బాబాయి దాన్ని ఆవునెయ్యి దాచినట్టు దాచేవాడు. తమ్ముడూ నేనూ ఆయన లేనప్పుడు ట్యాంకు మూత తీసి ముక్కులు దగ్గరపెట్టి, తల తిరిగేదాకా పీల్చి, మళ్ళీ మూత పెట్టేసి ఏమీ ఎరగనట్టు పోయేవాళ్ళం. వాడు స్టాండు మీద ఉన్న బండెక్కి, కాళ్ళు గాల్లో వేలాడేసి, నోటితో డబడబమంటూ ఉమ్మి తుంపర్లు పడేలా నడిపేవాడు. "ఎక్కడికి పోతన్నావురా?" అంటే "గుజ్జాల" అనేవాడు. వాడికి గురజాల అనడం రాదు.

నాయనమ్మకి మొదట్లో ఆ బండంటే పడేది కాదు. ఆ తరవాత ఆవిడే దాన్ని ఇంట్లో మనిషిని చేసింది. "అరకకి బొట్టు పెడతన్నాం, కవ్వానికి పెడతన్నాం, రోకలికి పెడతన్నాం. మనుషుల్ని మోసేదానికి పెట్టకపోతే ఎట్టాగే?" అని, ఆడపిల్ల చేత్తో పెట్టాలని ఆ పని నాకు అప్పజెప్పింది. శుక్రవారం తలంటు అయ్యాక పసుపూ గంధమూ గట్టిగా కలిపి ట్యాంకు మూత మీద పెట్టి, మధ్యలో కుంకం అద్దేదాన్ని. బండికంతటికీ గుండ్రంగా నుదురులాగా కనబడేది ఆ మూతే మరి. "పల్చగా పెడితే గాలికి రాలిపోద్ది, మందంగా మెత్తవే" అని నాయనమ్మ వెనకనుంచి పురమాయించేది. దసరా నాడు ఆయుధపూజకి పసుపు ఇంకో రెండు పొరలు మెత్తించింది.

ఆ దసరా వెళ్ళాకే బండికి రోగం వచ్చింది. అదేం రోగమో ఎవరికీ అర్థం కాదు. వాకిట్లో ఒక్క తన్నుకే లేచేది. ఊరు దాటి రెండు మైళ్ళు పోయాక దగ్గి దగ్గి ఆగిపోయేది. బాబాయి ఎండలో దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చి, పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి కందిపుల్ల ముంచి చూసేవాడు. పుల్ల సగం తడిసేది. మూత పెట్టి తంతే వెంటనే లేచేది.

"నీ బండి కొత్త కోడలల్లే ఉందిరా. పుట్టింటి పొలిమేర దాటనంటది" అనేవాడు ఎదురింటి తాత.

అప్పుడు మాచర్ల నుంచి మేస్త్రిని పిలిపించారు. సాయిబుల మనిషి. యుద్ధం రోజుల్లో బొగ్గుతో నడిచే బస్సులుండేవి, వాటిని బాగుచేసేవాడు. ఆ తరవాత బావుల మీద మోట బదులు అక్కడక్కడా ఆయిలింజన్లు వస్తే, ఏ ఊళ్ళో ఇంజను ఆగినా ఆయనే దిక్కు. ఆ పని మీద మా ఊరొస్తే మా ఇంట్లోనే దిగేవాడు. సన్నగా, పొడుగ్గా, చేతుల గీతల్లో నల్లగా నూనె ఇంకిపోయి ఉండేవాడు. సైకిలు మీద సంచీ కట్టుకుని వచ్చి, ముందు నాయనమ్మకి దణ్ణం పెట్టి, ఆ తరవాతే బండి దగ్గరికి పోయేవాడు. మేము మేస్త్రి మావయ్యా అని పిలిచేవాళ్ళం. మాకు జేబులోంచి పిప్పరమెంట్లు తీసి ఇచ్చేవాడు. వాటికి కూడా కాస్త కిరసనాయిలు వాసన వచ్చేది. అయినా చప్పరించేవాళ్ళం.

మోటారు సైకిలు కోసం మొదటిసారి వచ్చి ప్లగ్గు మార్చి పోయాడు. బండి మళ్ళీ ఆగింది. రెండోసారి గురువారం పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా ఉన్నాడు. ఆ రోజు నాకు గంట గంటా గుర్తుంది. ట్యాంకు విప్పి పెట్రోలు బిందెలోకి వంచాడు. ట్యాంకు కడిగి బోర్లించాడు. సన్న గొట్టాల్లోకి నోటితో ఊది, పెట్రోలు తుపుక్కున ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. విప్పిన సామానంతా ఎండలో నాపరాళ్ళ మీద వరసగా పేర్చాడు.

"బాబూ, ఇంజనుకి మూడే కావాల. నిప్పు ఉంది, నేను జూసినా. నూనె వస్తంది, జూసినా. గాలి పోతంది, అదీ జూసినా. ఇంక ఇది ఎందుకాగుతందో దాన్నే అడగాల" అన్నాడు బాబాయితో.

బిగించే ముందు ప్రతి ముక్కనీ గుడ్డతో అద్దంలా తుడిచాడు. మూత దగ్గరికి వచ్చేసరికి చుట్టూ అంచు తుడిచి, నా పసుపు బొట్టుని మాత్రం అలాగే వదిలేశాడు.

"అది తుడవలేదేం మావయ్యా?" అన్నాను.

"అది మీ పూజ పాపా. నా చేతులు జూడు, ఎట్టుండయ్యో. దాన్ని నేను ముట్టుకోగూడదు" అన్నాడు.

ఈ మాట నాయనమ్మ విన్నది. ఆవిడ మడీ ఆచారం మనిషి, ఆయనకి ఎప్పుడూ వసారా చివర విడిగా ఆకు వేసి, నీళ్ళు పైనుంచి పోసేది. ఆ రోజు మాత్రం గడ్డపెరుగు రెండుసార్లు వేసి, "తిను నాయనా, పొద్దుటినించి పెట్రోలే తాగుతుండావు" అంది.

ఎండ చల్లబడ్డాక బాబాయిని వెనక కూర్చోబెట్టుకుని మేస్త్రి బండి బయటికి తీశాడు. కృష్ణ వైపు పోయి, పది మైళ్ళు తిరిగి, ఎక్కడా ఆగకుండా వచ్చాడు. బాబాయి ముఖం వెలిగిపోతోంది. మేస్త్రి చేతులు కడుక్కుంటూ, "ఇంక ఆగదు పెద్దమ్మా. ఆగితే నన్నడగండి" అన్నాడు. శుక్రవారం నమాజుకి ఇంట్లో ఉండాలని ఆ సాయంత్రమే మాచర్ల వెళ్ళిపోయాడు. నాయనమ్మ ఆయన సంచీలో కందిపప్పు పోసి పంపింది.

మర్నాడు శుక్రవారం. నేను పసుపు గిన్నె పట్టుకుని బండి దగ్గరికి పోయాను. ముందురోజు ఎండలో ఉండి పాత బొట్టు ఎండిపోయి బీటలు వారింది. గీకేద్దామని గోరు పెట్టాను. "గీకమాకే, దాని మీదే మెత్తు, మంచిది" అంది నాయనమ్మ. మెత్తాను. బాగా మందంగా మెత్తాను. అంత ముద్దుగా ఎప్పుడూ కుదరలేదని కూడా అనుకున్నాను. నా చేతులు విరిగిపోను.

తమ్ముడికి అప్పటికి రెండు రోజులుగా జ్వరం. పిల్లలకి జ్వరాలు మామూలే కదా అని కషాయాలు పోస్తున్నారు. శనివారం పొద్దున వాడి ఊపిరి తేడాగా వినబడింది, పీల్చినప్పుడల్లా గొంతులో గీరుకున్న చప్పుడు. ఊళ్ళో వైద్యుడు వచ్చి, గరిటె కాడతో నాలిక నొక్కి చూశాడు. లోపల తెల్లగా పొర కట్టి ఉంది.

"ఇది నా చేతిలో పని గాదు" అన్నాడు ఆయన నాన్నతో. "గురజాల ఆసుపత్రిలో దీనికి సూదిమందు ఉంటది. మధ్యాన్నంలోపు పడితే పిల్లోడు దక్కుతాడు. పొద్దు వాలిందంటే నేను చెప్పలేను."

నాన్న ఎడ్లు కట్టమని పాలేరుని కేకేశాడు. ఎడ్లబండి మీద గురజాల అయిదు గంటల ప్రయాణం. అప్పుడు బాబాయి అడ్డం వచ్చాడు. "ఎడ్లెందుకన్నా, మోటారు సైకిలు మేస్త్రి మొన్ననే చేసిపోయాడు. పది మైళ్ళు తిరిగినాం, ఉఁ అన్లా. ముక్కాలు గంటలో ఆసుపత్రి ముందు దించుతా" అన్నాడు. నాన్న అమ్మ వంక చూశాడు. అమ్మ, "తొందరగా పోయేదాంట్లోనే పొండి" అంది. ఆ ఒక్క మాటకి అమ్మ బతికినన్నాళ్ళూ తన్ను తాను తిట్టుకుంది.

బాబాయి దాచుకున్న పెట్రోలంతా ట్యాంకు అంచుదాకా పోసి మూత బిగించాడు. నాన్న వెనక కూర్చున్నాడు. మధ్యలో తమ్ముణ్ణి పెట్టి అమ్మ పాత చీరతో నాన్నకి కట్టారు. వాడికి మాట రావడం లేదు. కాని బండి మీద ఉన్నానని తెలిసింది. బాబాయి ఎక్కేలోపు చెయ్యి చాపి ట్యాంకుని తట్టాడు. నేను పక్కనే నిలబడి, "గుజ్జాల పోతన్నావురా" అన్నాను. పెదాలు కాస్త సాగాయి, నవ్వాడనుకుంటాను. ఒక్క తన్నుకి బండి లేచింది. ఆ చప్పుడు పొలిమేర దాటి వినబడకుండా పోయేదాకా అమ్మ వాకిట్లోనే నిలబడింది.

దారిలో జరిగింది నాన్న ఒక్కసారే చెప్పాడు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

రెండు మైళ్ళు పోయాక దగ్గి ఆగింది. బాబాయి దిగి, కాలే ప్లగ్గు చేత్తోనే విప్పి తుడిచి పెట్టాడు. తన్నగా తన్నగా లేచింది. ఇంకో మైలు పోయి ఆగింది. మళ్ళీ విప్పడం, మళ్ళీ తన్నడం, కాసేపటికి మళ్ళీ లేవడం. అది ఒకేసారి చచ్చి ఊరుకుని ఉంటే నాన్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తేవాడు, వెనక ఎడ్లబండికైనా కబురు పెట్టేవాడు. అది చావలేదు. ఇదిగో లేచింది, ఇంకేం పోదాం, అని ప్రతిసారీ ఆశ పెట్టింది. పెట్రోలు చూడాలని బాబాయికి తోచలేదు. పొద్దున తన చేత్తో నిండా పోశాడు, ఇంక చూడాల్సిన పనేముంది? ఏడెనిమిదిసార్లు అలా అయ్యాక, నడినెత్తిన ఎండ, మనిషి జాడ లేని రోడ్డు, బాబాయి కాలు కమిలి తన్నలేక కూలబడ్డాడు. నాన్న చీర విప్పి తమ్ముణ్ణి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. గురజాల ఇంకా మూడు మైళ్ళు ఉందనగా గొంతులో ఆ గీరుకునే చప్పుడు ఆగింది. ఆగాక కూడా నాన్న చాలా దూరం నడిచాడట.

పొద్దు గూకే వేళకి వాణ్ణి ఎవరిదో వేరుశనగ కాయల బండి మీద ఇంటికి తెచ్చారు. అమ్మ ఏడవలేదు. వాడి జుట్టులో ఇరుక్కున్న పొట్టు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది. మట్టి చేయడానికి తీసుకుపోతామంటే, ఉండండి ఇంకా ఉంది, అనేది.

బాబాయి అన్నం మానేశాడు. ఆయనకి ఎవరినో ఒకరిని చంపితే గాని ఊపిరాడేట్టు లేదు. "సామాను మార్చుంటాడు. మంచిది తీసుకుని పాడైంది పెట్టుంటాడు" అన్నాడు మొదట. ఊళ్ళో ఒకరు దానికి ఇంకోటి తగిలించారు. అది కృష్ణ అవతల నైజాంలో గొడవలు రేగిన కాలం. జనం మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని నది దాటి మా ఊళ్ళకి వస్తుండేవాళ్ళు. వాళ్ళు చెప్పినవి విని అందరికీ రక్తం ఉడికి ఉంది. మేస్త్రి చెల్లెల్ని అవతల ఊళ్ళో ఇచ్చారని ఎవరికో గుర్తొచ్చింది. పెరుగన్నం తిని చేతులు కడుక్కుంటూ నాయనమ్మకి దణ్ణం పెట్టిన మనిషి, మూడు రోజుల్లో మా ఊరికి పగవాడైపోయాడు.

ఆయన్ని పిలవనంపే పని లేకపోయింది. కబురు విని తనే వచ్చాడు, సైకిలు బయటే పడేసి. వాకిట్లో నాన్న, బాబాయి, ఊరి పెద్దలు నలుగురైదుగురు ఉన్నారు. రోడ్డు మీద నుంచి మోసుకొచ్చిన మోటారు సైకిలు గోడ వారగా ఉంది. ఎవరూ కూర్చోమనలేదు. ఆయన ముఖం చూస్తే నాలుగు రోజులుగా ఆయనా తిన్నట్టు లేదు.

"బాబూ, ఒక్కసారి దాన్ని జూడనీండి. ఎందుకాగిందో నాకు తెలియాల. ఆ తరవాత మీ ఇష్టం, నన్నేం జేసినా సరే" అన్నాడు.

తన్నాడు. లేచింది. ఆపకుండా, బాగా హోరెత్తించి నడవనిచ్చాడు. అందరం చూస్తున్నాం. కాసేపటికి అది దగ్గి ఆగిపోయింది. ఆయన ట్యాంకు మూత తిప్పాడు. మూత వదులైన క్షణంలో ఉస్సుమని గాలి లోపలికి లాక్కున్న చప్పుడు. ఆయన ఆగాడు. మూత పెట్టి మళ్ళీ నడిపాడు. మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత తిప్పాడు. మళ్ళీ ఉస్సు. అప్పుడు మూత పూర్తిగా తీసి, తిరగేసి, ఎండకేసి పట్టి చూశాడు.

"పాపా, పిన్నీసు ఉందా?"

నా పరికిణీకి ఉన్న పిన్నీసు తీసి ఇచ్చాను. దాని మొన మూతలోకి అడుగువైపు నుంచి గుచ్చాడు. పైన ఎండిన పసుపు పెచ్చు ఊడి ఆయన అరచేతిలో పడింది. దాని వెనక, మూతకి సరిగ్గా మధ్యలో, చిన్న చిల్లు. నాకు ఆ చిల్లు తెలుసు. బొట్టు నడిమధ్యకి రావాలని ఎప్పుడూ దాన్నే గుర్తు పెట్టుకుని, దాని మీదే వేలు ఆనించి పసుపు మెత్తేదాన్ని.

ఆయన నా వైపు తిరిగి, నాకొక్కదానికే వినబడేట్టు అడిగాడు. "బొట్టు నువ్వే పెడతావా?"

తలూపాను.

"నేను పోయినాక, శుక్రవారం మళ్ళీ పెట్టినావా?"

తలూపాను. ఆయన పిడికిలి మూసేశాడు.

నాకు పదేళ్ళే గాని బుర్రలేనిదాన్ని కాదు. కిరసనాయిలు డబ్బాకి ఒక్క చిల్లే పెడితే నూనె రెండు చుక్కలు పడి ఆగిపోతుందని, గాలి పోవడానికి పైన ఇంకో చిల్లు పెట్టాలని ఇంట్లో దీపాలు నింపేది నేనే కాబట్టి నాకు తెలుసు. గురువారం ఎండకి బొట్టు బీటలు వారింది, బండి నడిచింది. శుక్రవారం నేను మెత్తాను. శనివారం ఆగింది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే అంతా నా ముందు పేర్చి పెట్టినట్టు కనబడింది. వెనక్కి జరిగి స్తంభం పట్టుకున్నాను.

"ఏందయ్యా, ఏందంట దాని రోగం?" నాయనమ్మ గడపలో నుంచి అడిగింది. ఆవిడ వెనక చీకట్లో అమ్మ నిలబడి ఉంది.

మేస్త్రి నాయనమ్మని చూశాడు, అమ్మని చూశాడు. నా వైపు మాత్రం మళ్ళీ చూడలేదు. గొంతు సవరించుకుని అన్నాడు. "నా తప్పే పెద్దమ్మా. లోపల ఒక మర సరిగ్గా బిగించలా. మరిచిపోయినా. బండిది గాదు, బాబుది గాదు. నాదే."

బాబాయి చెప్పు తీశాడు. మొదటి దెబ్బకి మేస్త్రి టోపీ ఎగిరి బండల మీద పడింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూసిన పిడికిలి అలాగే ఉంది. దెబ్బలు లెక్కపెట్టలేదు నేను. నాన్న ముఖం తిప్పుకున్నాడు గాని వద్దనలేదు. పెద్దలు కూడా చానాసేపటికి గాని పట్టుకోలేదు. నేను స్తంభం పట్టుకుని నోరు తెరిచాను. నేనే, అని ఒక్క మాట. రెండక్షరాలు. ఆ మాట అనలేదు. చెబితే నన్ను కొడతారని కాదు. అమ్మ నా వైపు చూస్తుందేమో, తమ్ముణ్ణి చంపినదాన్ని చూసినట్టు చూస్తుందేమో, అని. ఆ భయంతో ఒక మనిషిని చెప్పుతో కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆయన టోపీ ఏరుకుని, దుమ్ము దులుపుకుని, సైకిలు లేపుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట మా ఊరి నుంచి పక్క ఊరికి, అక్కణ్ణించి మాచర్లకి పోయింది. పోతూ పోతూ, మరిచిపోయాడన్నది కావాలని చేశాడన్నదిగా మారింది. ఆయన్ని ఇంకెవరూ ఇంజను ముట్టుకోనివ్వలేదు. ఇంటి మీద రాళ్ళు పడ్డాయని కూడా విన్నాను. సంక్రాంతి లోపలే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని ఎటో వెళ్ళిపోయాడన్నారు. ఆ బండిని బాబాయి గొడ్డళ్ళు చేసే కమ్మరికి ఇచ్చేశాడు. శుక్రవారాలు నేను పసుపు గిన్నె ముట్టుకోకపోతే, తమ్ముడి మీద బెంగ అనుకుని నాయనమ్మ నన్ను దగ్గరికి తీసుకునేది. అప్పుడు ఆవిడ ఒళ్ళో నాకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది.

పద్దెనిమిదో ఏట నాకు ఎడ్లపాడు దగ్గర ఒక పల్లెలో పెళ్ళయింది. మొదటి కాన్పుకి ఏడో నెలలో మా అత్తగారు గాజులు తొడిగించాలని చిలకలూరిపేట నుంచి వచ్చే గాజులామెని పిలిచింది. ముసలామె, సాయిబుల మనిషి. గాజుల మలారం దించి, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు నొక్కుతూ, "చెయ్యి వదులుగా పెట్టమ్మా, నొప్పి తెలవదు. నీ పుట్టిల్లు ఏ ఊరు తల్లీ?" అంది. చెప్పాను.

నొక్కే చెయ్యి ఆగింది. కాసేపు నా ముఖం చూసింది. "ఆ ఊళ్ళో ఒకరింట్లో మోటారు సైకిలు ఉండేది. పసోడు పోయినాడు" అంది.

"మా తమ్ముడే" అన్నాను. ఎలా అన్నానో.

ఆమె కళ్ళలోంచి నీళ్ళు నా చేతి మీద పడ్డాయి. ఆయన భార్య ఆమె. ఆయన పోయి ఏడాదైందట. చిలకలూరిపేటలో పత్తి మిల్లులో బేళ్ళు మోశాడట పోయేదాకా. మిల్లులో ఇంజను ఆగితే, నువ్వు మేస్త్రివంట గదా చూడవయ్యా అని బతిమాలినా దగ్గరికి పోయేవాడు కాదట. "నా చేతి తప్పుతో ఒక పసిబిడ్డ పోయినాడు, ఈ చేతుల్తో ఇంక మర తిప్పను అనేవాడమ్మా. నాకు గూడా అంతకన్నా ఏం చెప్పలా. చచ్చేముందు ఒకటే అడిగినాడు. ఆ ఇంటోళ్ళు ఎప్పుడన్నా కనబడితే నా తరఫున మాఫీ అడుగు అన్నాడు."

కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు ఆయన. చివరి ఊపిరి దాకా, ఇంట్లో కూడా, ఆ తప్పు తనదే అని మోశాడు. 

ఆమె నా రెండు చేతులూ తీసి తన కళ్ళకి అద్దుకుంది. "మాఫ్ చేసినానని ఒక్క మాట అనమ్మా. ఆడ ఆయనకి చేరుద్ది."

ఎనిమిదేళ్ళ కిందట వాకిట్లో రాని మాట అప్పుడైనా రావాలి. వచ్చేదే. తప్పు ఆయనది కాదమ్మా, నాది, అని అనడానికి ఊపిరి తీసుకున్నాను కూడా. గుమ్మంలో మా అత్తగారు నిలబడి ఉంది, లోపల మా ఆయన ఉన్నాడు, కడుపులో బిడ్డ కదిలింది. "అనవే, పెద్దామె అంత ఇదిగా అడుగుతుంటే" అంది అత్తగారు.

"మాఫ్ చేశాను" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, రెండు చేతులకీ డజను డజను ఆకుపచ్చ గాజులు ఒక్కటి కూడా చిట్లకుండా తొడిగింది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నీది పెద్ద మనసు తల్లీ, నూరేళ్ళు సల్లగా ఉండు" అని దీవించి, మలారం నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నాకు ఎనభై ఆరు. ఇంకా ఉన్నాను.